తలుపు సినిమా, రెండో భాగం

ఆ వేసవిలో నన్ను ఆ ప్రశ్న అడగనివాడు పాపాత్ముడు. "రెండో భాగం మొదటిదానంత బాగుందా?" హాల్లో టిక్కెట్ల కౌంటరు నాది కాబట్టి, సినిమా తీసింది కూడా నేనే అన్నట్టు అడిగేవారు. బాగుందంటే "నీకేం తల్లీ, టిక్కెట్లు తెగాలి" అనేవారు. బాగాలేదంటే "మరి అమ్మడం దేనికి?" అనేవారు. తెలీదంటే నా వంక జాలిగా చూసి వెళ్ళిపోయేవారు. తెలీదన్నదే నిజం. ఇప్పటికీ నాకు తెలీదు. ఎందుకు తెలీదో చెప్పాలంటే ముందు మా నాన్న గురించీ, మా అత్తయ్య గురించీ చెప్పాలి.

మొదటి భాగం వచ్చి ఇరవై ఆరేళ్ళయింది. దానికేదో పొడుగాటి పేరుంది కానీ మా ఊళ్ళో ఆ పేరు పలికినవాళ్ళు లేరు. తలుపు సినిమా అంటారు. హీరో భార్య మనసు విరిచేసి వెళ్ళిపోయి, బుద్ధి తెచ్చుకుని చివర్లో తిరిగొస్తాడు. ఆవిడ తలుపు కొడతాడు. ఒకసారి. రెండోసారి. మూడోసారి. ఆవిడ తలుపు వెనకే నిలబడి ఉంటుంది. తియ్యదు. శుభం కార్డు పడుతుంది. అంతే సినిమా. మా ఊళ్ళో నూటరెండు రోజులాడింది. తర్వాత నిర్మాతలిద్దరూ కోర్టుకెక్కడంతో టీవీలోకి రాలేదు, క్యాసెట్టూ రాలేదు. చూసినవాళ్ళు చూసినంతే. పొరుగూరి చుట్టాలెవరైనా "చివర్లో తలుపు తీస్తుంది కదా" అంటే మేం ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళం. పాపం, నిద్రపోయి ఉంటారనుకునేవాళ్ళం.

ఆ సినిమా వేసింది మా నాన్నే. రీళ్ళ రోజుల నుంచీ ఆ హాల్లో ఆపరేటరు. ఇప్పుడు రీళ్ళు లేవు, కంప్యూటర్లో మీట నొక్కడమే. అయినా ఓనరు ఆయన్ని మానిపించలేదు, ఆయనా మానలేదు. అమ్మ పోయాక ఇంట్లో మిగిలింది ముగ్గురం. నాన్న, నేను, నాన్న చెల్లెలు మా అత్తయ్య. హాలుకి ఎదురుగానే అత్తయ్య కుట్టు షాపు.

అత్తయ్య మా ఇంటికి ఎందుకొచ్చిందో ఊరంతటికీ తెలుసు. మావయ్య ఒకరోజు ఆవిడకి మాట మాత్రం చెప్పకుండా ఆవిడ కుట్టు మిషను అమ్మేసి, ఆ డబ్బు ఎవరో స్నేహితుడి చేతిలో పోశాడు. స్నేహితుడు దాన్ని మింగేశాడు. అత్తయ్య కత్తెర, టేపు, ఒక బట్టల మూట తీసుకుని అన్నయ్య ఇంటికొచ్చేసింది. ఆ తర్వాత నాలుగు నెలలకి, తలుపు సినిమా మూడో వారం ఆడుతుండగా, ఒక మధ్యాహ్నం మావయ్య వచ్చి మా తలుపు కొట్టాడు. మూడుసార్లు. అత్తయ్య తియ్యలేదు. ఆయన గంట దూరంలో ఉన్న తన ఊరికి బస్సెక్కి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు.

నాకప్పుడు అయిదేళ్ళు. ఆ సమయానికి బళ్ళో ఉన్నాను. ఎదురింటావిడ చూసి నలుగురికీ చెప్పింది, నలుగురూ నలభై మందికి చెప్పారు. ఇంకేముంది, సినిమా మా వీధిలోకి దిగొచ్చినట్టయింది. ఆ రోజు నుంచి అత్తయ్య పేరు గడియమ్మ. మొదట్లో ఎగతాళికే అన్నారు. పోనుపోను ఆ పేరుకి గౌరవం వచ్చేసింది. మొగుళ్ళతో పేచీ పడ్డ ఆడవాళ్ళు చినుగు లేని బట్టలు పట్టుకుని కుట్టించుకునే నెపంతో అత్తయ్య దగ్గరికి వచ్చేవాళ్ళు. అత్తయ్య సలహాలేమీ ఇచ్చేది కాదు. "ఆలోచించుకో, నీ తలుపు నీది" అనేది, అంతే. వాళ్ళు ధైర్యంగా వెళ్ళేవాళ్ళు. నేనూ ఆ పేరు చూసి గర్వపడుతూనే పెరిగాను.

రెండో భాగం మొదటి రోజు మార్నింగ్ షోకి ఊరు ఊరంతా కదిలొచ్చింది. పాతికేళ్ళ కిందట పక్కపక్క సీట్లలో దొంగచూపులు చూసుకున్నవాళ్ళు ఇప్పుడు మనవల్ని ఎత్తుకుని వచ్చారు. నా కౌంటరుకి చెయ్యి పట్టేంత కంత ఒకటుంటుంది. జనం మూగితే మొహాలు కనపడవు, చేతులే. ఆ రోజు చేతులన్నీ వణుకుతున్నాయి, కొన్ని వయసుకీ కొన్ని సంబరానికీ.

ఆట మొదలై అయిదు నిమిషాలైనా కాలేదు, లోపల ఒకటే గోల. కౌంటరు మూసి పరిగెత్తాను. తెర మీద పాత సినిమా ముక్కలు వేస్తున్నారు, గతంలో ఏం జరిగిందో గుర్తుచెయ్యడానికి. హీరో మూడోసారి తలుపు కొట్టాడు. తలుపు తెరుచుకుంది. ఆవిడ, అదే చీరలో, అదే వయసులో, కళ్ళనిండా నీళ్ళతో గడప మీద నిలబడి ఉంది.

"తలుపు తీసిందిరోయ్!" అని ముందు వరసలోంచి ఎవరో అరిచారు, ఇల్లంటుకున్నట్టు.

"ఏవయ్యా ఆపరేటరూ! ఏం సినిమా వేశావు?" అని ఇంకొకరు పైకి చూసి కేకేశారు.

"మొదట్నించి వెయ్యండి! తప్పు పడింది!"

మొదట్నించి వేస్తే తలుపు మూసుకుంటుందన్నట్టు! కళ్ళజోడు అద్దాలు మందంగా ఉంటాయని అందరూ సోడాబుడ్డి మాస్టారనే రిటైర్డు టీచరు మాత్రం లేచి నిలబడి శాంతంగా చెప్పారు. "అది కంప్యూటరు పని. ఇప్పుడు ముసలివాళ్ళని పడుచువాళ్ళుగా చేసేస్తున్నారు. రెండో భాగం కోసం మన చెవుల్లో పువ్వులు పెడుతున్నారు." అందరికీ ఈ మాట నచ్చింది. నాకూ నచ్చింది. కూర్చున్నారు. కానీ ఆ తర్వాత ఎవరూ సినిమా చూడలేదు. హీరో హీరోయిన్లు పాతికేళ్ళుగా కాపరం చేస్తూ, ఇద్దరు పిల్లల్ని కని, పెద్ద బంగళాలో తిరుగుతుంటే జనం వాళ్ళని దొంగతనంగా దూరినవాళ్ళలా చూశారు. మొదటిదాంట్లో ఒక్క తలుపుతో ఊరిని ఏడిపించారు. దీంట్లో పదకొండు కార్లు పేల్చినా ఒక్కరి కన్ను చెమర్చలేదు.

నేను మెట్లెక్కి ఆపరేటరు గదిలోకి వెళ్ళాను. నాన్న కంప్యూటరు ముందు కూర్చుని గోడ వంక చూస్తున్నాడు.

"ఏంటి నాన్నా ఇది? తలుపు తీసిందేంటి?"

"నన్నడుగుతావేం? తీసినవాళ్ళనడుగు."

నేను ఇంకా ఏమీ అనలేదు. అయినా ఆయన, "నేనేం చేశాను? నాకేం తెలుసు? మీట నొక్కేవాణ్ణి" అంటూ వరసగా చెప్పుకుపోయాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో నాకు ఆ రోజే కళ్ళారా కనిపించింది. కానీ దొంగతనం ఏమిటో మాత్రం అర్థం కాలేదు.

అత్తయ్య ఆ సినిమాకి రాలేదు. "పెళ్ళిబట్టలున్నాయి, ఖాళీ లేదు" అంది. ఆట వదిలాక నేను షాపుకి వెళ్ళేసరికి, నాకంటే ముందే వార్త చేరింది. చీరకి అంచు వేయించుకోవడానికి వచ్చిన ఒకావిడ ఒంటికాలి మీద లేస్తోంది. "చూశావా గడియమ్మా ఈ అన్యాయం? తలుపు తీసిందట! ఇన్నేళ్ళ పరువు గంగలో కలిపేశారు. నువ్వైతే తియ్యలేదు కదా, దానికేం రోగం?"

అత్తయ్య తలెత్తలేదు. "వాళ్ళ సినిమా, వాళ్ళిష్టం" అంది. మిషను తొక్కుతూనే ఉంది. ఆవిడ వెళ్ళిపోయాక కుడుతున్న జాకెట్టుని ఎత్తి వెలుగుకి పట్టుకుంది. చాలాసేపు చూసింది. రెండూ ఎడమ చేతులే కుట్టింది. ముప్ఫై అయిదేళ్ళ పనిలో అత్తయ్య అలాంటి పొరపాటు చెయ్యడం నేను చూడలేదు. కుట్లు విప్పడం మొదలుపెట్టింది.

"మాస్టారు కంప్యూటరు పనంటున్నారు అత్తయ్యా" అన్నాను.

"అయ్యుంటుంది" అంది. నమ్మినట్టు లేదు, నమ్మనట్టూ లేదు.

వారం తిరిగేసరికి కంప్యూటరు కథకి కాళ్ళు విరిగాయి. కోర్టు గొడవ తీరిపోయిందనీ, పాత సినిమాని శుభ్రం చేసి ఫోన్లలో కూడా పెట్టారనీ తెలిసింది. ఎవరో మొత్తం చూసి వచ్చారు. తలుపు తీస్తుంది. తీశాక పాట కూడా ఉంది. ఊరు అయోమయంలో పడింది. ఇన్ని వందలమందీ కలిసి ఒకేసారి నిద్రపోయారా? ఒక్కొక్కరూ తమకి గుర్తున్నది సరైనదేనా అని ఇంట్లోవాళ్ళని రహస్యంగా అడగడం మొదలుపెట్టారు. ఒక ముసలాయన కౌంటరు దగ్గరికొచ్చి, "అమ్మా, ఆ సినిమాలో హీరోకి మీసం ఉందా, అదైనా చెప్పు" అన్నాడు. మీసం ఉందని చెబితే ప్రాణం లేచొచ్చినట్టు వెళ్ళాడు.

మర్నాడు పొద్దున నాన్న పెరట్లో అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటుంటే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"నాన్నా, వాళ్ళు తలుపు తీశారు. మన ఊళ్ళో మాత్రం తియ్యలేదు. ఎలాగ?"

నాన్న సగం గీసిన చెంపతో నా వంక చూశాడు. "వాళ్ళు తీశారు" అన్నాడు. "నేను తీసేశాను."

అప్పుడు చెప్పాడు. ఆ రోజుల్లో పొరుగూరి హాలుకీ మా హాలుకీ కలిపి ఒక్కటే ప్రింటు. అక్కడ ఒక రీలు అయిపోగానే ఒకాయన ఆ డబ్బాని స్కూటరు మీద వేసుకుని ఇక్కడికి తెచ్చేవాడు. మొదటి రోజు మొదటి ఆట, పదిహేను డబ్బాలూ వచ్చాయి. పదహారోది, ఆఖరుది, రాలేదు. దార్లో స్కూటరు టైరు పంచరైంది. పదిహేనో రీలు మూడోసారి తలుపు కొట్టడంతో అయిపోతుంది. తెర తెల్లబడితే జనం కుర్చీలు విరగ్గొడతారని భయమేసి, సొరుగులో వేరే సినిమాది శుభం ముక్క ఉంటే దాన్ని అతికించి వేసేశాడు.

"జనం కదల్లేదు" అన్నాడు నాన్న. "నా పని అయిపోయింది అనుకున్నాను. అప్పుడెవరో చప్పట్లు కొట్టారు. ఒకళ్ళు మొదలెడితే హాలంతా. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళారు. ఓనరు పైకొచ్చి నన్ను కావిలించుకున్నాడు. ఆఖరి డబ్బా వచ్చేసరికి హాలు ఖాళీ."

"రెండో ఆటకి వెయ్యొచ్చుగా?"

"ఇలాగే ఉంచమన్నాడు. ఆటకి పదకొండు నిమిషాలు కలిసొస్తాయన్నాడు." ఆగాడు. "ఓనరు మీద తోసెయ్యడమెందుకులే. నాకూ ఉంచాలనే ఉంది. ఆఖరి రీలు ఒకసారి వేసుకుని ఒక్కణ్ణే చూశాను. తలుపు తీశాక పాట పెట్టాడు, పూలు చల్లాడు. ఛీ అనిపించింది. మనదే బాగుంది."

ఆ 'మనదే' అన్నప్పుడు ఆయన మొహంలో ఒక వెలుగొచ్చింది. జీవితమంతా ఎవరో తీసినవి వేసిన మనిషి, ఒక్కటి తను చేశాడు. నాకు కోపం రావాలి. నవ్వొచ్చింది. నవ్వుతుండగానే అత్తయ్య గుర్తొచ్చింది.

"మరి అత్తయ్యకి చెప్పావా?"

"దానికేం సంబంధం? అది మిషను గురించి తియ్యలేదు. సినిమా చూసి కాదు."

"ఊరంతా ఆవిణ్ణి ఏమని పిలుస్తుంది నాన్నా?"

నాన్న అద్దం బోర్లించాడు. బ్లేడు కడిగి పెట్టేశాడు. ఆ రోజు సగం గడ్డంతోనే డ్యూటీకి వచ్చాడు.

మూడు రోజులు తేలు కుట్టిన దొంగలా ఇంట్లో తిరిగాడు. నాలుగో రోజు మధ్యాహ్నం, కౌంటరు దగ్గర ఎవరూ లేనప్పుడు, కంతలోంచి చూస్తే ఆయన రోడ్డు దాటుతున్నాడు. చేతిలో గుండీ ఊడిన చొక్కా. షాపు ముందు నిలబడ్డాడు. అత్తయ్య చొక్కా అందుకుంది. నాన్న పెదవులు కదులుతున్నాయి. బస్సు ఒకటి అడ్డమొచ్చింది. అది వెళ్ళేసరికి ఆయన మాట్లాడ్డం అయిపోయింది. అత్తయ్య గుండీల డబ్బాలో వెతికింది, రంగు కలిసేది తీసింది, కుట్టింది, దారం పంటితో కొరికింది, చొక్కా మడిచి ఆయనకి ఇచ్చింది. నాన్న దాన్ని పట్టుకుని తిరిగి రోడ్డు దాటాడు. నా కౌంటరు ముందునుంచే వెళ్ళాడు కానీ నా వైపు చూడలేదు.

ఆ తర్వాత ఇంట్లో ఎనిమిది రోజులు మాటల్లేవు. అత్తయ్య మామూలుగానే వండింది, మామూలుగానే వడ్డించింది. నాన్న పళ్ళెంలోకి చూస్తూ తిన్నాడు. మధ్యలో నేను. తిడితే బాగుండు, ఏడ్చినా బాగుండు అనిపించేది. చివరికి ఉండబట్టలేక షాపులో అడిగేశాను.

"నాన్న మీద కోపంగా ఉందా అత్తయ్యా?"

"కోపమా?" ఆవిడ కత్తెర పక్కన పెట్టింది. "కోపమైతే నాకు తెలుసు, ఎలా పడాలో. ఇది కోపం కాదు. చూడవే, ఇన్నేళ్ళలో నా చేతుల్తో నేను చేసిన పెద్ద పని అదొక్కటే అనుకున్నాను. తలుపు తియ్యకపోవడం. మంచో చెడో, నాది. ఇప్పుడు చూస్తే అది నాదో, మీ నాన్నదో, ఆ స్కూటరు టైరుదో తెలీటంలేదు."

"సినిమాలో తీసుంటే నువ్వూ తీసేదానివా?"

"అదే తెలీదు" అంది. "అది తెలిస్తే ఏడవనైనా ఏడుద్దును."

ఆవిడ పక్కన కూర్చుని గుండీలు రంగుల వారీగా వేరు చేశాను. అవి ముందే వేరుగా ఉన్నాయని తర్వాత తెలిసింది, నేనే కలిపేశాను.

మావయ్య నెంబరు నా దగ్గరుంది. ఏడాదికి రెండుసార్లు ఫోన్ చేసి "బాగున్నావా అమ్మా, అందరూ బాగున్నారా" అంటాడు. అందరూ అన్నప్పుడు కొంచెం ఆగుతాడు. నేను బాగున్నారంటాను. ఆ సంగతి అత్తయ్యకి తెలుసు, తెలీనట్టు ఉంటుంది. ఆ సాయంత్రం మొదటిసారి నేనే ఫోన్ చేశాను.

"మావయ్యా, తలుపు సినిమా నువ్వు ఎక్కడ చూశావు?"

"తలుపు సినిమా ఏంటమ్మా?"

అవును, ఆ పేరు మా ఊరిదే. అసలు పేరు గుర్తుతెచ్చుకుని చెప్పాను. ఆయన గొంతు మారింది. "ఇక్కడే, మా ఊళ్ళోనే. పద్ధెనిమిదిసార్లు చూశాను."

"చివరేమవుతుంది?"

"తీస్తుంది కదమ్మా" అన్నాడు. "అది చూసే కదా, ధైర్యం చేసి వచ్చాను. మీ అత్తయ్యా చూసే ఉంటుంది, తెలిసీ తియ్యలేదంటే ఇంక నా మొహం చూడ్డం ఇష్టం లేదనేగా అనుకున్నాను."

ఒకే సినిమా. ఆయన అక్కడ ఒకటి చూశాడు, ఈవిడ ఇక్కడ ఒకటి చూసింది. ఒక్క గుమ్మానికి ఆ పక్కా ఈ పక్కా నిలబడి చెరో సినిమా ఆడారు. మా ఊళ్ళో ఆఖరి రీలు పడలేదని చెప్పాను. కట్ అయిందనుకుని హలో అన్నాను.

"ఉన్నానమ్మా" అన్నాడు. "వింటున్నాను."

ఇంకేం చెప్పాలో తెలీక, వచ్చే ఆదివారం మధ్యాహ్నం మా హాల్లో ఆ సినిమా మళ్ళీ వేస్తున్నారని చెప్పాను. రమ్మనలేదు. రావద్దనీ అనలేదు. పెట్టేశాక, చెప్పడం తప్పో ఒప్పో రెండు రోజులు తేల్చుకోలేకపోయాను.

వేస్తున్న మాట నిజమే. రెండో భాగం రెండో వారానికే చతికిలబడింది. గొడవ వల్ల మొదటిదానికి మాత్రం గిరాకీ వచ్చింది. కానీ జనం ఓనరు దగ్గరికి గుంపుగా వచ్చి ఒక్కటే షరతు పెట్టారు. మన సినిమాయే కావాలి, వాళ్ళది వద్దు. ఓనరు నవ్వుతూ నాన్నతో, "మూడో చప్పుడుకి ఆపెయ్యి, అంతే కదా" అన్నాడు.

"ఆపను" అన్నాడు నాన్న.

"అప్పుడాపావుగా?"

"అప్పుడు నాకు తెలీదు, గోడలవతల కూడా ఆడుతుందని."

ఓనరుకి ఆ మాట అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నాన్న మీద అంతకుముందున్న కోపమో జాలో ఏదో, ఆ ఒక్క మాటతో తగ్గింది.

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండిపోయింది. టిక్కెట్లు అయిపోవచ్చే వేళకి కంతలోంచి ఒక చెయ్యి వచ్చింది. బక్కచిక్కి, నరాలు తేలి ఉంది. "ఒకటమ్మా" అన్న గొంతు విని వంగి చూశాను. పెళ్ళి ఫొటోలో చూసినదానికి మావయ్య సగమయ్యాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు, దాని మడతలు కూడా ఇంకా పోలేదు. టిక్కెట్టు ఇచ్చాను. అత్తయ్య అప్పటికే లోపలుంది. వస్తానని నాకు ముందు చెప్పకుండానే షాపు మూసి, అందరిలాగే నా కంతలో చెయ్యి పెట్టి టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళింది. ఆవిడకి ఈయన వస్తున్నాడని తెలీదు. ఈయనకి ఆవిడ లోపలుందని తెలీదు. నాకు రెండూ తెలుసు, ఏం చెయ్యాలో మాత్రం తెలీదు.

రెండున్నర గంటలు కౌంటర్లో కూర్చుని గోళ్ళు కొరుక్కున్నాను. లోపలనుంచి మాటలు వినపడుతూనే ఉన్నాయి, నాకు ప్రతి ముక్కా కంఠతా వచ్చు. మొదటి చప్పుడు వినపడింది. హాలు తలుపు తెరుచుకుని అత్తయ్య బయటికొచ్చింది.

"అదేంటి అత్తయ్యా, చివర చూడవా?"

"వాళ్ళ ఇల్లు, వాళ్ళ తలుపు. నాకెందుకు?" అంది. కానీ వెళ్ళిపోలేదు. పోస్టర్ల గోడకి ఆనుకుని నిలబడింది. రెండో చప్పుడు. మూడోది. లోపల వందలమంది ఒక్కసారి ఊపిరి వదిలారు. కొందరు ఈల వేశారు, కొందరు ఛీ అన్నారు. పాట మొదలైంది.

అప్పుడు మావయ్య బయటికొచ్చాడు. జేబురుమాలు వెతుక్కుంటూ వచ్చి, ఆవిణ్ణి చూసి ఆగిపోయాడు. ఇద్దరి మధ్యా నాలుగడుగులు. ఆవిడ మిషను సంగతి అడుగుతుందనుకున్నాను. ఇరవై ఆరేళ్ళు ఎక్కడ చచ్చావని అడుగుతుందనుకున్నాను.

"మూడుసార్లే కొట్టావేం?" అంది అత్తయ్య.

ఆయన తడబడ్డాడు. "మూడోసారికే తీస్తుంది కదా... సినిమాలో. నువ్వు తియ్యలేదు. అంటే వద్దని."

"మా సినిమాలో వాడు మూడే కొడతాడు. అంతటితో అయిపోతుంది. నువ్వు వాడి వేషం కడుతున్నావో, నిజంగా నా కోసమే వచ్చావో తెలీలేదు నాకు. నాలుగోసారి కొడితే నిజం అనుకున్నాను." అత్తయ్య గొంతు ఎక్కడా వణకలేదు. "గడియ మీద చెయ్యేసి నిలబడ్డాను. నాలుగోది రాలేదు."

మావయ్య జేబురుమాలు తీసి చేతిలో నలిపాడు. నాకు ఏడుపు వచ్చేసింది. గడియమ్మ, గడియమ్మ అని ఊరంతా ఏ చేతిని చూసి ధైర్యం తెచ్చుకుందో, ఆ చెయ్యి గడియ తియ్యడానికే దాని మీద ఉంది. ఈ మాట ఎవరికీ చెప్పకుండా ఇన్నేళ్ళూ ఆ పేరుకి పలికింది.

లోపల పాట ఇంకా అవలేదు. నాన్న అన్నట్టు నిజంగానే బాగాలేదు. మావయ్య చివరికి, "నేను... ఇప్పుడు..." అని ఏదో మొదలుపెట్టాడు. అత్తయ్య ఆయన్ని పూర్తి చెయ్యనివ్వలేదు. కళ్ళు చిట్లించి ఆయన భుజాల వైపు చూస్తోంది.

"ఆ చొక్కా ఎవరు కుట్టారు?"

"కొన్నాను. బజార్లో."

"భుజాలు జారిపోతున్నాయి. మనిషి లోపల ఉన్నాడో లేడో తెలీటంలేదు. రేపు గుడ్డ తెచ్చుకో, కొలతలు తీసుకుంటాను."

"ఎన్నింటికి రమ్మంటావు?"

"తొమ్మిదింటికి షట్టరెత్తుతాను" అంది అత్తయ్య. "కొట్టక్కర్లేదు."

జనం బయటికి పోటెత్తారు. తలుపు తియ్యడమే బాగుందని కొందరూ, తియ్యకపోవడమే బాగుందని కొందరూ కొట్టుకు చస్తూ నన్ను తీర్పు చెప్పమన్నారు. సోడాబుడ్డి మాస్టారైతే రెండో భాగంతో కూడా పోల్చి చెప్పమన్నారు. ఏది మొదటిదో, ఏది రెండోదో నాకే తేలడం లేదని చెప్పాను. ఆ గుంపులో మావయ్య బస్టాండు వైపూ అత్తయ్య ఇంటి వైపూ వెళ్ళిపోయారు. పై గది కిటికీలోంచి నాన్న ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

మర్నాడు అత్తయ్య ఎనిమిదిన్నరకే షట్టరెత్తింది.